మామూలు సైకిల్‌ని కరెంటు సైకిల్‌గా మార్చుకోవడం: రోజూ పనికి వెళ్లొచ్చేవాళ్ల కోసం

నేను మొదటిసారి సైకిల్‌కి మోటారు బిగించిన రోజు, ఒక ఎత్తు ఎక్కుతూ థ్రాటిల్ (బండి యాక్సిలరేటర్ లాంటి పిడి) గట్టిగా తిప్పాను. చక్రం తిరగాల్సింది పోయి ఇరుసు తిరిగింది. ఇరుసులోంచి బయటికొచ్చే కేబుల్ దానికి రెండు చుట్లు చుట్టుకుని తెగింది. నట్టు వదులై, ముందు చక్రం ఫోర్కులోంచి సగం బయటికి వచ్చింది. నడకంత వేగంలో ఉన్నాను కాబట్టి కాళ్లు కింద పెట్టి నిలబడగలిగాను.

కిట్‌తో వచ్చిన కాగితంలో ఏ వైరు ఎక్కడ కలపాలో రంగుల బొమ్మలతో సహా ఉంది. ఇరుసుని ఎలా పట్టి ఉంచాలో మాత్రం ఒక్క ముక్క లేదు. తర్వాత మరికొన్ని సైకిళ్లు మార్చాక నాకు అర్థమైంది ఏంటంటే, ఇందులో మోటారూ వైర్లూ సులువైన భాగం. ఒకదానికొకటి సరిపోయే ప్లగ్గులు కలుపుకుంటూ పోవడమే. అసలు పనంతా ఇరుసు, బ్రేకులు, బ్యాటరీ దగ్గరే ఉంటుంది. అందుకే ఇక్కడ కూడా వాటి గురించే ఎక్కువ రాశాను.

ముందు సైకిల్‌ని చూడండి

కిట్ ఆర్డర్ పెట్టకముందే ఒక పూట సైకిల్‌కి కేటాయించండి. మోటారు పెట్టాక రోజూ 25 కిలోమీటర్ల వేగంతో, మరో ఏడెనిమిది కిలోల బరువుతో పోతుంది. ఇప్పుడు 15లో బాగానే ఆగే బ్రేకులు అప్పుడు ఆగవు. బ్రేకు రబ్బర్లు అరిగితే మార్చండి, వైర్లకి తుప్పు పట్టి ఉంటే కొత్తవి వేయండి. ముందు బ్రేకు పట్టినప్పుడు లివర్ హ్యాండిల్‌ని తాకుతోందంటే అది సరిచేసేదాకా మోటారు మాటే వద్దు.

ఫ్రేములో గొట్టాలు కలిసే చోట్ల, ముఖ్యంగా హ్యాండిల్ మెడ దగ్గర, పెయింట్ కింద సన్నని పగుళ్లు ఉన్నాయేమో గుడ్డతో తుడిచి చూడండి. ముందు ఫోర్కు ఇనుముదో అల్యూమినియందో తేల్చుకోండి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. ఈ చిన్న పరీక్ష తర్వాత చాలా నిర్ణయాలకి పనికొస్తుంది. కార్బన్ ఫోర్కు అయితే ముందు చక్రంలో మోటారు పెట్టే ఆలోచన అక్కడితో వదిలేయండి. నట్లు కాకుండా లావుపాటి గొట్టం లాంటి ఇరుసు ఫోర్కులోంచి దూరి వచ్చే రకమైతే, చక్రం మధ్యలో ఉండే మామూలు హబ్ మోటారు అందులో కూర్చోదు.

టేపుతో మూడు కొలతలు తీసి రాసుకోండి:

- చక్రం సైజు. టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది: 20, 26, 27.5, 700సి ఇలా.
- ఫోర్కు రెండు కాళ్ల మధ్య, లోపలి వైపు దూరం. ముందు సాధారణంగా 100 మి.మీ. ఉంటుంది. వెనక గేర్ల సైకిల్‌కి ఎక్కువగా 135, రోడ్డు సైకిల్‌కి 130, గేర్లు లేనిదానికి 110 నుంచి 120.
- ఇరుసు కూర్చునే గాడి వెడల్పు. చాలా మోటార్ల ఇరుసు 12 మి.మీ. లావు, రెండు వైపులా చదును చేసిన చోట 10 మి.మీ. ముందు ఫోర్కు గాడి తరచూ 9 మాత్రమే ఉంటుంది.

మీ దారికి ఎంత పవర్ కావాలి

కిట్ల ప్రకటనలు చూస్తే 1000 వాట్లు లేకపోతే సైకిల్ కదలదేమో అనిపిస్తుంది. చిన్న లెక్క వేద్దాం. నిటారుగా కూర్చుని తొక్కే మనిషి చదును రోడ్డు మీద 25 కిలోమీటర్ల వేగంతో పోవడానికి దాదాపు 150 వాట్లు చాలు. అదే 35కి వెళ్లాలంటే 350 దాటుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికే ఎక్కువ పవర్ పోతుంది, అదీ ఘనం లెక్కన పెరుగుతుంది. పది కిలోమీటర్ల వేగం కోసం పవర్ రెట్టింపు దాటిందంటే బ్యాటరీ కూడా అంత తొందరగా అయిపోతుందన్నమాట.

ఎత్తు ఎక్కడం వేరే లెక్క. మనిషి, సైకిల్, సామాను కలిసి 100 కిలోలు అనుకోండి. వంద మీటర్లకి 5 మీటర్లు లేచే ఎత్తుని 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి ఆ ఎక్కుడుకే సుమారు 200 వాట్లు కావాలి. మీరు తొక్కే తొక్కుడు నుంచి 80, 100 వాట్లు వస్తాయి. మిగతాది మోటారు చూసుకుంటుంది. అంటే దారిలో ఘోరమైన ఎత్తులు లేకపోతే 250 వాట్ల మోటారు సరిపోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం దాటితే చాలా దేశాల్లో అది సైకిల్ కింద లెక్కకి రాదు. రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ వచ్చిపడతాయి. యూరోపియన్ యూనియన్‌లో హద్దు ఇదే. అమెరికా ఫెడరల్ చట్టం 750 వాట్ల దాకా ఒప్పుకుంటుంది. మీరుండే చోట హద్దు ఎంతో, థ్రాటిల్‌కి అనుమతి ఉందో లేదో కిట్ కొనక ముందే చూసుకోండి.

ఏ మోటారు

మోటారుని చక్రం మధ్యలో పెట్టాలనే ఆలోచన నిన్నమొన్నటిది కాదు. 1895 డిసెంబరు 31న ఆగ్డెన్ బోల్టన్ అనే అమెరికన్‌కి ఇలాంటి సైకిల్ మీద పేటెంట్ వచ్చింది. ఆయన గీసిన బొమ్మలో కూడా మోటారు వెనక చక్రం ఇరుసు మీదే ఉంది, బ్యాటరీ ఫ్రేము మధ్యలో వేలాడుతోంది. ఇప్పుడు మనం చేయబోయేది దాదాపు అదే. మధ్యలో బాగుపడింది ముఖ్యంగా బ్యాటరీ.

హబ్ మోటార్లు రెండు రకాలు. గేర్ల హబ్‌లో చిన్న మోటారు వేగంగా తిరిగి, లోపలి నైలాన్ పళ్ల చక్రాల ద్వారా ఆ వేగాన్ని తగ్గించి బలం పెంచుతుంది. బరువు మూడు కిలోల లోపు. లోపల ఒకవైపే పట్టే క్లచ్ ఉంటుంది కాబట్టి, బ్యాటరీ అయిపోయినా మామూలు సైకిల్‌లాగే తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు. రెండోది డైరెక్ట్ డ్రైవ్. పెద్ద పళ్లెంలా ఉంటుంది, ఐదారు కిలోలు తూగుతుంది. లోపల అరిగే పళ్లు లేవు, శబ్దం రాదు. కానీ కరెంటు లేనప్పుడు అయస్కాంతాలు వెనక్కి లాగుతుంటాయి. బ్రేకు వేస్తే బ్యాటరీ ఛార్జ్ అవుతుందని దీనికి గొప్పగా చెబుతారు. చదును దారిలో అలా తిరిగొచ్చేది బహు కొద్ది, దానికోసం ఆ బరువు మోయక్కర్లేదు.

మూడోది పెడళ్ల దగ్గర బిగించే మిడ్ డ్రైవ్. ఇది చైను ద్వారా, సైకిల్ గేర్ల ద్వారా లాగుతుంది కాబట్టి నిలువెత్తు దారులకి దీన్ని మించింది లేదు. కాకపోతే చైను, వెనక పళ్లు తొందరగా అరుగుతాయి. పెడళ్ల ఇరుసు మొత్తం విప్పాలి, దానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. మొదటిసారి చేసేవాళ్లకి నేను ఇది చెప్పను, కొండ మీద ఇల్లుంటే తప్ప.

ఇక ముందు చక్రమా, వెనక చక్రమా? ముందుది బిగించడం అరగంట పని. వెనకది గేర్లు, చైనుతో ముడిపడిన పని. అయినా అల్యూమినియం ఫోర్కు గానీ, ముందు షాక్ అబ్జార్బర్లు గానీ ఉంటే వెనకదే తీసుకోండి. అల్యూమినియం గాడి ఇనుములా వంగదు, ఉన్నట్టుండి చిట్లుతుంది. ముందు చక్రం ఊడితే మనిషి నేరుగా మొహం మీద పడతాడు. గట్టి ఇనుప ఫోర్కు ఉన్న గేర్లు లేని సైకిల్‌కి ముందు మోటారు పెట్టొచ్చు, కానీ తడి రోడ్డు మీద, ఇసుకలో అది కొంచెం జారుతుందని గుర్తుంచుకోండి.

వెనకది కొనేటప్పుడు మీ పళ్ల గుత్తి మరతో తిప్పి బిగించే ఫ్రీవీలా, జారుడు గాళ్లలో కూర్చునే క్యాసెట్టా చూసుకోవాలి. చాలా హబ్ మోటార్లు ఫ్రీవీలు రకానికే వస్తాయి. 9 గేర్ల క్యాసెట్ ఉన్న సైకిల్‌కి 7 గేర్ల ఫ్రీవీలు మోటారు తెస్తే గేరు లివర్ కూడా మార్చాల్సి వస్తుంది.

బ్యాటరీ: ఇక్కడ పొదుపు వద్దు

ఎంత బ్యాటరీ కావాలో తెలుసుకోవడానికి గుర్తుంచుకోవాల్సిన గుణకారం ఒకటే. వోల్టులని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అంటే 360 వాట్ అవర్లు. మీరు కూడా తొక్కుతూ 25 కిలోమీటర్ల వేగం లోపు పోతే కిలోమీటరుకి 10 నుంచి 12 ఖర్చవుతుంది. తొక్కకుండా థ్రాటిల్ మీదే పోతే 15, 20 దాకా వెళ్తుంది.

పోను 12, రాను 12 కిలోమీటర్లు అనుకుందాం. 24ని 12తో గుణిస్తే 288. బ్యాటరీ ఏటేటా కొంత శక్తి కోల్పోతుంది, ఎదురుగాలి ఉంటుంది, చలిలో ఇంకా తగ్గుతుంది. అందుకని మూడో వంతు కలుపుకుంటే 384. అంటే 36 వోల్టుల్లో 11 నుంచి 13 ఆంపియర్ అవర్ల ప్యాక్ చూసుకోవాలి. పని చేసే చోట ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే దీంట్లో సగానికి కొంచెం పైన ఉన్నా సరిపోతుంది, మోసే బరువూ తగ్గుతుంది.

పాతకాలపు లెడ్ యాసిడ్ బ్యాటరీలు చవకగా వస్తాయి. 12 ఆంపియర్ అవర్లవి మూడు కలిపితే 36 వోల్టులు, పన్నెండు కిలోలకి అటూ ఇటూ బరువు. మోటారు లాగే వేగానికి వాటి మీద రాసి ఉన్న శక్తిలో చాలా భాగం చేతికి రాదు. లిథియం అయాన్ మామూలుగా అందరూ వాడేది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బరువూ సైజూ ఎక్కువ, కానీ వేడికి బాగా తట్టుకుంటుంది, ఎక్కువ సార్లు ఛార్జింగ్‌కి నిలుస్తుంది. ఫ్రేములో చోటుంటే నేను ఐరన్ ఫాస్ఫేట్ వైపే మొగ్గుతాను.

ఒక జాగ్రత్త. లిథియం అయాన్ 36 వోల్టుల ప్యాక్‌లో 10 సెల్స్ వరసగా ఉంటాయి, నిండా ఛార్జ్ అయితే 42 వోల్టులు. ఐరన్ ఫాస్ఫేట్‌లో 12 ఉంటాయి, నిండితే 43.8. రెండు ఛార్జర్ల మీదా 36 వోల్ట్ అనే రాసి ఉండొచ్చు, ప్లగ్గు కూడా ఒకటే కావచ్చు. రెండోదాని ఛార్జర్‌ని మొదటిదానికి పెడితే సెల్స్ హద్దు దాటి నిండుతాయి. మంటలు మొదలయ్యేది ఇలాంటి చోటే. ఇంట్లో రెండు రకాలుంటే ఛార్జర్ల మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

ప్యాక్ లోపల బీఎంఎస్ అనే సర్క్యూట్ తప్పనిసరిగా ఉండాలి. ఏ సెల్ హద్దు దాటి నిండినా, మరీ ఖాళీ అయినా, వైర్లు ఒకదానికొకటి తగిలినా కరెంటు ఆపేసేది అదే. బ్యాటరీ కరెంటుని మోటారుకి అందించే డబ్బా, అంటే కంట్రోలర్, 15 ఆంపియర్లు లాగేదైతే బీఎంఎస్ కనీసం 20 ఇవ్వగలిగేది ఉండాలి. లాప్‌టాప్‌ల నుంచి పీకిన పాత సెల్స్‌తో ఇంట్లో ప్యాక్ కట్టుకునే వీడియోలు చాలా ఉన్నాయి. నాకు టంకం పని వచ్చు, అయినా నేను ఆ పని చేయను. న్యూయార్క్ నగరంలో ఇలాంటి బ్యాటరీల మంటలు ఎంత పెరిగాయంటే, యూఎల్ 2271 లాంటి భద్రతా ప్రమాణం లేని బ్యాటరీల అమ్మకాన్ని 2023లో చట్టం చేసి ఆపేశారు. కొనేటప్పుడు ఆ గుర్తు ఉందో లేదో అడగండి.

బిగించే పని

చేతి కింద ఉండాల్సినవి: 18, 19 సైజు పానాలు, అలెన్ కీలు, ఆకురాయి, మల్టీమీటర్, టైరు లివర్లు, ప్లాస్టిక్ టై పట్టీలు, ఇన్సులేషన్ టేపు. వెనక మోటారైతే ఫ్రీవీలు విప్పే పనిముట్టు కూడా. నట్టు ఎంత బిగిసిందో చూపించే టార్క్ రెంచ్ దొరికితే ఇంకా మంచిది.

1. సైకిల్‌ని తలకిందులు చేసి పాత చక్రం తీయండి. టైరు, ట్యూబు ఊడదీసి మోటారు చక్రానికి ఎక్కించండి. పుల్లల తలలు ట్యూబుకి గుచ్చుకోకుండా రిమ్ము లోపల పట్టీ ఉందో లేదో చూడండి. కొత్త చక్రమైనా ఒక్కోసారి అది మర్చిపోతారు.

2. చక్రాన్ని గాడిలో పెట్టి చూడండి. దూరకపోతే ఆకురాయితో గాడి పక్కలు రెండూ సమంగా, ఒక్కో వైపు అర మిల్లీమీటరు లోపే రాయండి. రెండు రాపిళ్లకి ఒకసారి ఇరుసు పెట్టి చూస్తూ ఉండండి. గాడి లోతు పెంచకూడదు, వదులు అవకూడదు. ఇరుసు కొంచెం బిగుతుగా, తోస్తేనే లోపలికి పోవాలి.

3. చక్రం సరైన దిక్కుకి ఉందో చూడండి. మోటారు మీద బాణం గుర్తు ఉంటుంది. డిస్కు బ్రేకు ఉంటే అది ఎడమ వైపు రావాలి. కేబుల్ బయటికొచ్చే గాడి కింది వైపు తిరిగి ఉండాలి, లేకపోతే వాన నీళ్లు ఇరుసులోకే కారతాయి.

4. ముందు ఫోర్కు గాడి చుట్టూ చిన్న గుంత లాంటిది ఉండొచ్చు. చదునైన వాషర్ పెడితే దాని అంచు మీద ఎక్కి ఒరుగుతుంది, బిగించినట్టే ఉంటుంది కానీ ఉండదు. ఆ గుంతలో సరిగ్గా కూర్చునే సి ఆకారపు వాషర్ వేసి, దాని మీద టార్క్ ఆర్మ్ (కింద 5లో ఉంది), మామూలు వాషర్, చివర నట్టు.

5. టార్క్ ఆర్మ్ బిగించండి. ఒక చివర ఇరుసు చదును భాగాన్ని పట్టుకుని, ఇంకో చివర ఫోర్కుకి గానీ ఫ్రేముకి గానీ క్లిప్పుతో కట్టే ఇనుప పట్టీ ఇది. నా మొదటి సైకిల్‌కి లేనిది ఇదే.

దీని మీద కొంచెం ఆగుతాను. చిన్న హబ్ మోటారు కూడా 35 న్యూటన్ మీటర్ల బలంతో తిప్పగలదు. చక్రం ఎటు తిరిగితే ఇరుసు దానికి వ్యతిరేకంగా అంతే బలంతో తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది 10 మి.మీ. చదును భాగం ఒక్కటే. అంత చిన్న చోట 35 న్యూటన్ మీటర్లంటే గాడి అంచుల మీద 300 కిలోలకి పైగా తోపు. అదే బలాన్ని 10 సెంటీమీటర్ల పొడవున్న పట్టీ చివర పట్టుకుంటే 35 కిలోలే. పదో వంతు. ఇనుప ఫోర్కుకి ఒకటి, అల్యూమినియం వెనక గాడికి రెండు వైపులా రెండు పెట్టండి. పట్టీ రంధ్రం ఇరుసు మీద వదులుగా ఆడుతుంటే అది పెట్టినా పెట్టనట్టే. ముందుకీ వెనక్కీ తిరిగే ఆ కాస్త ఆటలోనే రోజూ కొంచెం అరిగి, చివరికి ఇరుసు తిరిగిపోతుంది.

6. నట్లు గట్టిగా బిగించండి. 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు ఉండాలి. ఇరుసు 12 మి.మీ. దే కాబట్టి మరీ తొక్కి బిగిస్తే మర పోతుంది.

7. పెడల్ సెన్సర్. మీరు తొక్కుతున్నారో లేదో కంట్రోలర్‌కి చెప్పేది ఇది. అయస్కాంతాలున్న చిన్న పళ్లెం పెడల్ ఇరుసు మీద, సెన్సర్ ఫ్రేము మీద. మధ్య ఖాళీ మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. రెండు ముక్కలుగా విడిపోయే పళ్లెం తీసుకుంటే పెడల్ చెయ్యి విప్పక్కర్లేదు.

8. హ్యాండిల్ మీద డిస్‌ప్లే, థ్రాటిల్, బ్రేకు లివర్లు. మోటారుని ఆపే స్విచ్ ఉన్న కొత్త లివర్లు కిట్‌లో వస్తాయి. పాతవే బాగున్నాయి కదా అని వీటిని పక్కన పడేయకండి. సెన్సర్ తప్పుగా చదివి మోటారు ఆగకపోతే, బ్రేకు పట్టగానే కరెంటు ఆపేది ఇవే. హైడ్రాలిక్ బ్రేకులైతే లివర్ మార్చలేరు, అయస్కాంతంతో పనిచేసే అంటించే స్విచ్ దొరుకుతుంది.

9. బ్యాటరీ ఫ్రేము మధ్యలో, వీలైనంత కిందకి. నీళ్ల సీసా బిగించే రెండు మరలు సరిపోతాయి కానీ, గుంతల్లో పడ్డప్పుడు అవి ఊగి మర వదులవుతుంది, కాబట్టి పట్టీ కూడా కట్టండి. వెనక క్యారియర్ మీద పెడితే సైకిల్ తోక ఊపినట్టు ఊగుతుంది, స్టాండు వేసినా పక్కకి పడుతుంది.

10. కంట్రోలర్‌కి గాలి తగలాలి, నీళ్లు తగలకూడదు. గుడ్డ సంచిలో కుక్కి మూత వేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఉడికిపోతుంది.

వైర్లు

మోటారు నుంచి మూడు లావు వైర్లు వస్తాయి: పసుపు, ఆకుపచ్చ, నీలం. మోటారుని తిప్పే కరెంటు వీటిలో పోతుంది. వాటితోపాటు అయిదు సన్నవి ఉంటాయి. ఎరుపు, నలుపు సెన్సర్లకి 5 వోల్టుల కరెంటు ఇస్తాయి. మిగతా మూడూ మోటారు ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కి చెబుతాయి. ఇప్పుడు చాలా కిట్లలో ఇవన్నీ ఒకే గుండ్రటి ప్లగ్గులో ఉంటాయి. ప్లగ్గు మీద బాణాలు ఎదురెదురుగా పెట్టి నేరుగా లోపలికి తోయాలి. తిప్పుతూ తోస్తే లోపలి సూదులు వంగుతాయి.

రంగుల్ని గుడ్డిగా నమ్మకుండా, బ్యాటరీ కలపబోయే ముందు మల్టీమీటర్‌తో ప్లస్సు, మైనస్సు చూడండి. రెండూ తారుమారైతే కంట్రోలర్ ఆ క్షణంలోనే పోతుంది. ఒక ఫ్యూజు కూడా వేయండి, 15 ఆంపియర్ల కంట్రోలర్‌కి 20 లేదా 25ది, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా. మొదటిసారి కలిపినప్పుడు టప్పుమని నిప్పురవ్వ వస్తుంది. కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు తాగడమే అది, భయపడక్కర్లేదు. బ్యాటరీకి స్విచ్ ఉంటే అది ఆపి కలపండి.

హ్యాండిల్ దగ్గర వైర్లు కట్టేటప్పుడు హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, లాగుడు లేకుండా చూసుకోండి. ప్రతి ప్లగ్గు ముందూ వైరు కొంచెం కిందకి వేలాడేలా వదిలితే, వాన నీళ్లు ఆ చివర నుంచే కారిపోతాయి.

చక్రం గాల్లో ఉండగా పరీక్ష

సైకిల్ స్టాండు మీద, మోటారు చక్రం నేలకి ఎత్తున ఉండాలి. మొదట డిస్‌ప్లేలో చక్రం సైజు, వోల్టేజి, వేగం హద్దు సరిచేయండి. సైజు తప్పుంటే చూపించే వేగం తప్పవుతుంది, హద్దూ తప్పవుతుంది.

థ్రాటిల్ మెల్లగా తిప్పండి. చక్రం ముందుకి, నునుపుగా తిరగాలి. తిరుగుతుండగానే బ్రేకు లివర్ కొంచెం పట్టండి, మోటారు వెంటనే ఆగాలి. రెండు లివర్లకీ విడివిడిగా చూడండి. తర్వాత పెడల్ చేత్తో ముందుకి తిప్పితే మోటారు రావాలి, ఆపితే ఆగాలి. వెనక్కి తిప్పినప్పుడు వస్తోందంటే పెడల్ సెన్సర్ పళ్లెం తిరగేసి పెట్టారు.

నేల మీద మొదటి సవారీ ఖాళీ స్థలంలో, అతి తక్కువ స్థాయిలో. పది కిలోమీటర్ల తర్వాత ఇరుసు నట్లు మళ్లీ బిగించి చూడండి, కచ్చితంగా పావు చుట్టు పడుతుంది. వంద కిలోమీటర్ల తర్వాత పుల్లలు. కొత్త చక్రంలో పుల్లలు సర్దుకుంటాయి. వేలితో మీటితే అన్నీ దాదాపు ఒకేలా మోగాలి, ఏదైనా చప్పగా పలికితే అది వదులైందని. ఈ పని మీకు రాకపోతే చక్రాలు సరిచేసే మనిషి చేతికివ్వండి. పుల్లలు తెగడం మొదలైతే వరసగా తెగుతాయి.

మొరాయిస్తే

డిస్‌ప్లే వెలుగుతోంది కానీ మోటారు అసలు రావట్లేదంటే, మొదట బ్రేకు లివర్ల ప్లగ్గులు పీకి చూడండి. పదిలో సగం సార్లు నాకు దోషం అక్కడే దొరికింది. లివర్ పూర్తిగా వెనక్కి రాక, బ్రేకు పట్టినట్టే కంట్రోలర్ అనుకుంటూ ఉంటుంది.

మోటారు వణుకుతూ గరగరమంటే లావు వైర్లలో ఒకటి సరిగా తగలట్లేదు, లేదా లోపలి సెన్సర్ పోయింది. సెన్సర్‌ని మల్టీమీటర్‌తో పట్టుకోవచ్చు. కంట్రోలర్ ఆన్‌లో పెట్టి, సన్న వైర్లలో పసుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదాని దగ్గర వోల్టేజి చూస్తూ చక్రాన్ని చాలా మెల్లగా తిప్పండి. సున్నాకీ అయిదుకీ మధ్య మారుతూ ఉండాలి. మారనిదే పోయింది. గేర్ల హబ్ అయితే చక్రాన్ని వెనక్కి తిప్పాలి. ముందుకి తిప్పితే లోపలి క్లచ్ వదిలేస్తుంది, మోటారు కదలదు. ఇది తెలియక ఒక సాయంత్రమంతా బాగున్న మోటారు పాడైందనుకుని కూర్చున్నాను.

వెనక్కి తిప్పుతుంటే చక్రం జర్కులిస్తూ బరువుగా తిరుగుతోందా? లావు వైర్ల ప్లగ్గు పీకి మళ్లీ తిప్పండి. ఇప్పుడు తేలిగ్గా తిరిగితే దోషం కంట్రోలర్‌ది, మోటారు క్షేమం. ఎత్తులో మాత్రమే కరెంటు ఆగిపోయి, చదునుకి రాగానే మళ్లీ వస్తోందంటే బ్యాటరీలో ఒక సెల్ వరస బలహీనపడింది. లాగుడు పెరిగినప్పుడు వోల్టేజి పడిపోయి కంట్రోలర్ ఆపేస్తోంది. ఈ లక్షణం కనిపించాక బ్యాటరీ ఎక్కువ రోజులు రాదు.

ఛార్జింగ్ అలవాట్లు

ఇంటికి రాగానే పెట్టకండి, అరగంట చల్లారనివ్వండి. 2 ఆంపియర్ల ఛార్జర్ 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీని నింపడానికి అయిదు గంటల పైనే పడుతుంది, కాబట్టి మెలకువగా ఉండే సమయం ముందే చూసుకోండి. నిద్రపోతూ పెట్టవద్దు. బయటికి వెళ్లే ఒకే ఒక్క తలుపు దగ్గర, మంచం పక్కన పెట్టవద్దు. కింద పడి సొట్టపోయిన, ఉబ్బిన, నీళ్లలో మునిగిన బ్యాటరీకి ఛార్జింగే వద్దు, పాత బ్యాటరీలు తీసుకునే చోట అప్పగించండి. సున్నా డిగ్రీల కంటే చలిగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే సెల్స్ లోపల లోహపు పొర పేరుకుని పాడవుతాయి. వారాల తరబడి సైకిల్ తీయనప్పుడు సగం ఛార్జ్‌తో, 10 సెల్స్ ప్యాక్ అయితే 37 వోల్టుల దగ్గర, చల్లని చోట ఉంచండి.

రోజూ దారి చిన్నదైతే 100 శాతం నింపక్కర్లేదు, 80 లేదా 90 దగ్గర తీసేస్తే బ్యాటరీ చాలా ఏళ్లు వస్తుంది. నెలకోసారి మాత్రం పూర్తిగా నింపి, ఛార్జర్ లైటు ఆకుపచ్చ అయ్యాక కూడా ఒక గంట ఉంచండి. వరసల మధ్య తేడాల్ని బీఎంఎస్ సరిచేసుకునేది నిండినప్పుడే.

పంక్చర్ రోజు

మోటారున్న చక్రం విప్పడం మామూలు చక్రమంత సులువు కాదు. ఒక 18 పానా, టార్క్ ఆర్మ్ క్లిప్పుకి తగిన స్క్రూడ్రైవర్ లేదా అలెన్ కీ, కత్తెర, నాలుగు టై పట్టీలు సంచిలో ఎప్పుడూ ఉండాలి. పట్టీలు ఎందుకంటే, చక్రం దగ్గర కేబుల్‌ని కట్టినవి కోయకపోతే ప్లగ్గు అందదు, కోస్తే మళ్లీ కట్టడానికి కావాలి. ప్లగ్గు ఇరుసుకి ఒక జానెడు దూరంలోనే వచ్చేలా మొదటే అమర్చుకుంటే ఆ రోజు మీకే హాయి. చాలాసార్లు చక్రం తీయకుండానే, టైరు ఒకవైపు ఊడదీసి, చిల్లు పడ్డచోట ట్యూబు బయటికి లాగి అక్కడే ప్యాచ్ వేసేయొచ్చు. నేను ఇప్పుడు అలాగే చేస్తాను. చక్రం విప్పాల్సి వస్తే మాత్రం తిరిగి పెట్టేటప్పుడు సి వాషర్, టార్క్ ఆర్మ్, నట్టు, అదే వరసలో. చీకట్లో, తొందరలో టార్క్ ఆర్మ్‌ని జేబులో వేసుకుని ఇంటికెళ్లాక పెడదాంలే అనుకుంటే, బ్యాటరీ ప్లగ్గు తీసేసి ఇంటిదాకా కాళ్లతోనే తొక్కండి.